మబ్బు చెప్పని కరువు

మా సీమలో పుట్టినవాళ్లకు ప్రమాదం అనగానే ముందు ఆకాశం గుర్తొస్తుంది. కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి చుట్టుపక్కల కొండల్లోనే పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని పుడతాయి. పుట్టిన చోట ఒక్కటీ నిలవదు. నీళ్లు అనంతపురానికో కడపకో తమిళనాడుకో దారి పడతాయి. మాకు మిగిలేవి చెరువులు, వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు, మృగశిర వచ్చిందంటే మబ్బు కేసి చూసే చూపు.

ఆ చూపు మా పెద్దలకు ఒక లెక్క నేర్పింది. రాగి చేలో రాగి ఒక్కటే వేయరు. నడుమ నడుమ అనుము సాలు, కంది సాలు, ఆముదం సాలు పడతాయి. రాగి పోతే కంది నిలుస్తుంది, కందీ పోతే ఆముదమైనా నాలుగు రూపాయలు తెస్తుంది. ఇంటి ముందు ఆవు, వెనుక గదిలో పట్టుపురుగుల తట్టలు, గట్టున చింతచెట్టు, పెట్టెలో కాస్త బంగారం. అప్పుల పాలయ్యే దారులు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లు బతుకును అన్ని పాయలుగా పంచుకున్నారు. నష్టం వచ్చే చోటికి పోకుండా తప్పుకోవడం, పోక తప్పకపోతే నష్టాన్ని తగ్గించుకోవడం, కొంత నెత్తిన వేసుకోవడం, మిగిలినది నలుగురితో పంచుకోవడం. పెట్టుబడి సంస్థల్లో రిస్క్ మేనేజ్‌మెంట్ పేరుతో చెప్పేవి ఈ నాలుగు పనులే. బీమా ఆ నాలుగింట్లో చివరిది. ఈ మధ్య కంప్యూటర్ దాడుల నష్టానికి ఇచ్చే సైబర్ బీమా గురించి వింటున్నప్పుడల్లా ఆ వరుస మరిచిపోతున్నామేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు.

వానకు బీమా అన్న ఆలోచనకు మా మైసూరు రాజ్యంలో వందేళ్ల చరిత్ర ఉంది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి అప్పటికి కోలారు జిల్లాలో తాలూకాలు. చిక్కబళ్లాపురం విడిగా జిల్లా అయింది 2007లోనే. జె.ఎస్. చక్రవర్తి 1920లో వ్యవసాయ బీమా గురించి రాసిన ఆంగ్ల పుస్తకంలో ఒక పథకం వివరించారు. రైతు రైతుకూ పంటను లెక్కగట్టి బీమా ఇవ్వడం కష్టం. ఎవరి చేను వానలేక ఎండిందో, ఎవరిది కలుపు తీయక పాడైందో తేల్చడానికి గట్టు గట్టుకూ తిరగాలి. అంతకన్నా వానకే బీమా కట్టించి, ఒక ప్రాంతంలో ఇంత కంటే తక్కువ కురిస్తే ఆ ప్రాంతంలో బీమా ఉన్న అందరికీ ఇచ్చెయ్యడం మేలు. వానను ఎవరూ దాచలేరు. వాన తక్కువ కురిసేలా ఎవరూ చెయ్యలేరు. ఆ పథకం అప్పట్లో నడకకు రాలేదు. ఎనభై ఏళ్లు దాటాక, 2003లో, మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన లెక్క మీద బీమా ఇచ్చి చూశాయి. మైసూరులో కాగితం మీదికి ఎక్కిన ఊహ తెలుగు మెట్టపొలంలో కాలు మోపింది.

అదే కాలపు మైసూరులో ఈ సీమ మనిషి ఇంకొకరు ఉన్నారు. చిక్కబళ్లాపురం పక్కన ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పూర్వీకుల ఊరు ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన తర్వాత నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. కొట్టుకుపోయిన ఇళ్లకు పరిహారం ఎంత అన్న దగ్గర ఆయన ఆగలేదు. ఊరికి పైన, ఏటికీ ఉపనదికీ అడ్డంగా రెండు జలాశయాలు ఉంటే వరద ఊరి దాకా రాదన్నారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆయన మైసూరు దివానుగా ఉన్న రోజుల్లోనే, 1913లో, మైసూరు బ్యాంకు పుట్టింది. 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయేదాకా మా ఊళ్లవాళ్ల పాస్‌బుక్కుల మీద ఉన్నది ఆ పేరే. ముందు ఆనకట్ట ఆలోచన, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే బీమా. ఒక తరం పెద్దలు పనులను పెట్టిన వరుస అది.

ఇప్పుడు మా ఊళ్ల సొమ్ము రూపం మారింది. చింతామణి టమాటా మండీలో తెల్లవారుజామున పదిహేను కిలోల బాక్సులు దొంతరలుగా పేరుస్తారు. వేలం పాడతారు. మండీవాళ్లు కమీషను పట్టుకొని చీటీ రాస్తారు. మునుపైతే ఆ చీటీకి రొక్కం చేతికొచ్చేది, రొక్కం నడుముకో రైకకో చేరేది. ఇప్పుడు ఫోను కుయ్యిమంటుంది. ఆ డబ్బులో కొంత ఎరువుల అంగడికి, కొంత పిల్లల ఫీజుకు, కొంత నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్పుకు పోతుంది. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు అమ్మే ఇంట్లో, బాగేపల్లి బస్టాండు దగ్గర మొబైల్ రీచార్జి చేసే కుర్రవాడి చేతిలో, చిక్కబళ్లాపురంలో పూల వ్యాపారం చేసే ఇల్లాలి ఫోనులో డీమ్యాట్ ఖాతాలు ఉంటున్నాయి. పెట్టుబడి అన్నది పట్నంవాళ్ల మాట అనుకున్న కాలం పోయింది.

ఒకసారి మండీలోనే, పాటలు సద్దుమణిగాక, మా చిన్నాయన నన్ను పట్టుకొని అడిగాడు. ఆయన కొడుకు ఆయన పేరుతో ఖాతా తెరిచి కొంత సొమ్ము పెట్టించాడు.

“మన దుడ్లు ఇప్పుడు యాడుండాయి రా?”

“షేర్లు నీ పేరు మీదే ఉండాయి చిన్నాయనా. లెక్కంతా కంప్యూటర్లో ఉంటుంది.”

“ఆ కంప్యూటరు యాడుంది?”

“బొంబాయిలోనో బెంగళూరులోనో, ఇంకో ఊర్లోనో.”

“దానికి కావలెవురు?”

ఆ చివరి ప్రశ్నకు నాకు వెంటనే జవాబు తోచలేదు. కాగితం షేర్లు పోయి ఖాతాలో అంకెలుగా మారడం 1996లో షేర్ల లెక్క దాచే సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్‌తో మొదలైంది, 1999లో సీడీఎస్‌ఎల్ తోడైంది. దొంగ సంతకాలు, తపాలాలో పోయిన పత్రాలు, చెదలు తిన్న కాగితాలు, ఇవన్నీ ఆ మార్పుతో తీరాయి. అది చిన్న మేలు కాదు. అయితే షేరు ఒక చోట, ఖాతాలోని రొక్కం ఒక చోట, కొనుగోలు అమ్మకాల దారి ఇంకో చోట, ఆ దారిని నడిపే సాఫ్ట్‌వేరు మరొకరి చేతిలో ఉంటాయి. కావలి ఒక్కరు కారు. ఎంతోమంది ఉంటారు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. చిన్నాయన అడిగింది ఆ మొహం గురించే.

ఎందుకంటే ఆయన తరం నమ్మకానికి మొహం ఉండేది. చీటీ వేస్తే చీటీ నడిపే మనిషి ఎవరో తెలుసు. అతని ఇల్లు తెలుసు, పొలం తెలుసు, ఆడపిల్లను ఏ ఊరికిచ్చాడో తెలుసు. అతను ఐపీ పెట్టినా వాకిట్లో కూర్చొని అడగడానికి ఒక వాకిలి ఉండేది. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం రిజిస్ట్రారు దగ్గర హామీ సొమ్ము పెట్టమన్నది కూడా ఆ వాకిలి చాలని రోజుల కోసమే. ఇప్పుడు మోసం చేసేవాడికి వాకిలే లేదు. పోగొట్టుకున్నవాడు ఎక్కడికి పోయి కూర్చోవాలి?

మనకు దగ్గరలో జరిగినదే చెప్పుకుందాం. హైదరాబాదు ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2021 నవంబరులో అక్కడి ఉద్యోగులకు రెండు వందలకు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఒకరిద్దరు తెరిచారు. లోపలికి చొరబడిన ప్రోగ్రాము వారాల తరబడి కదలకుండా కూర్చొని పాస్‌వర్డులు పోగేసింది. 2022 జనవరిలో ఒక వారాంతం చూసుకొని దొంగలు పన్నెండు కోట్ల రూపాయలకు పైగా సొమ్మును ముందు కొన్ని ఖాతాల్లోకి, అక్కడి నుంచి దేశమంతా వందకు పైగా ఖాతాల్లోకి మళ్లించారు. బ్యాంకు కంప్యూటర్లకు ఉండాల్సిన కట్టుదిట్టాలు లేవని పోలీసుల దర్యాప్తు తేల్చింది. రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. తాళం తుప్పుపట్టి ఉన్నప్పుడు ఏ బీమా పత్రం ఉండి ఏం లాభం? నష్టాన్ని తగ్గించుకునే పని వదిలేసి పంచుకునే పని దగ్గరికి పోలేం.

పెట్టుబడి సంస్థకు సైబర్ బీమా ఏమిస్తుందో కాస్త నిదానంగా చూడాలి. అమెరికాలో ఏఐజీ 1997లో ఇంటర్నెట్ ప్రమాదాలకు పాలసీ అమ్మిన నాటి నుంచి ఇది పెరుగుతూ వచ్చింది. ఇవాళ్టి పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది సంస్థ సొంత ఖర్చు. దాడి ఎలా జరిగిందో తవ్వితీసే నిపుణుల ఫీజు, చెడిన సమాచారాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చు, పని ఆగిన రోజుల నష్టం, లాయర్లు, ఖాతాదారులకు కబురు పంపే ఖర్చు. రెండోది బయటివాళ్లు వేసే దావాలు. మీ నిర్లక్ష్యం వల్ల నా వివరాలు బయటపడ్డాయని ఖాతాదారు కోర్టుకు పోతే ఆ వాదనకయ్యే ఖర్చు, కట్టాల్సిన పరిహారం. చిన్న సంస్థకు వీటన్నిటికన్నా విలువైనది ఇంకొకటి ఉంది. అర్ధరాత్రి ఫోను చేస్తే పలికే అనుభవజ్ఞులు. పదిమంది పనిచేసే బ్రోకరు ఆఫీసులో అలాంటివాళ్లు ఉండరు. బీమాతో పాటు వాళ్లు వస్తారు.

ఇవ్వనిది కూడా అదే పత్రంలో రాసి ఉంటుంది. పని ఆగిన మొదటి కొన్ని గంటలు లెక్కలోకి రావు. మొదట ఇంత మొత్తం సంస్థే భరించాలి. మాయమాటలతో ఉద్యోగి చేతే డబ్బు పంపించుకునే మోసానికి చాలా పాలసీల్లో విడిగా చిన్న పరిమితి ఉంటుంది. పెట్టుబడి సంస్థల్లో తరచూ కనిపించే మోసాల్లో అదొకటి కావడం గమనించాల్సిన సంగతి. రాజ్యాల మధ్య యుద్ధంలో భాగమైన దాడి అయితే చెల్లించం అంటారు. 2017 జూన్ నాటి నాట్‌పెట్యా దాడిలో దెబ్బతిన్న మెర్క్ మందుల కంపెనీ దాదాపు 140 కోట్ల డాలర్ల క్లెయిము కోసం బీమా కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టులో నిలబడాల్సి వచ్చింది. అది మామూలు ఆస్తి బీమా. కోర్టు మెర్క్ వైపే చెప్పింది. అయినా ఆ కేసు నడుస్తుండగానే లండన్ లాయిడ్స్ మార్కెట్టు, రాజ్యాల అండతో జరిగే దాడులకు సైబర్ పాలసీల్లో మినహాయింపు స్పష్టంగా రాయాలని 2022లో చెప్పింది. వాన ఎవరు ఆపారని ఏ రైతునూ ఎవరూ అడగరు. ఇక్కడ దెబ్బ తిన్నవాడు ఎవరు కొట్టారో కూడా తేల్చుకోవాల్సి వస్తుంది.

అన్నిటికన్నా పెద్దది, ఏ పాలసీ ఇవ్వలేనిది, నమ్మకం. సిడ్నీలో లెవిటాస్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ ఉండేది. 2020 సెప్టెంబరులో అక్కడ ఒకరు జూమ్ సమావేశానికి వచ్చిన ఆహ్వానం అనుకొని ఒక లింకు నొక్కారు. మెయిళ్ల మీద పట్టు చిక్కిన దొంగలు దొంగ బిల్లులు పంపారు. దాదాపు 87 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల చెల్లింపులకు అనుమతులు పడిపోయాయి. అందులో చాలా భాగం మధ్యలోనే ఆపగలిగారు. చివరికి పోయింది ఎనిమిది లక్షల డాలర్లకు అటూ ఇటూ. తట్టుకోగలిగిన నష్టమే. కానీ వాళ్ల పెద్ద ఖాతాదారైన పింఛను నిధి వెనక్కి తగ్గింది. ఫండ్ మూతపడింది. డబ్బు చాలావరకు దొరికింది, సంస్థ దొరకలేదు. ఎనిమిది లక్షలకు బీమా ఉన్నా ఆ పింఛను నిధి మనసు మారి ఉండేదా అని ఆలోచిస్తే, మారి ఉండేది కాదనే నాకు అనిపిస్తుంది.

ఇక్కడికి వచ్చేసరికి మా సీమ అనుభవం నాకు దారి చూపింది. ఇంటికి నిప్పంటుకోవడం వేరు, కరువు వేరు. నిప్పు ఒక ఇంటిని కాలుస్తుంది. వీధిలో మిగతావాళ్లు బాగుంటారు కాబట్టి తలా ఇంత వేసి ఆ ఇంటిని నిలబెడతారు. బీమా పుట్టింది ఆ లెక్క మీదే. కరువు అలా రాదు. ఫిర్కా మొత్తానికి ఒకేసారి వస్తుంది. ఆ ఏడు అప్పు అడగడానికి పక్కింటికి పోతే వాళ్లూ అదే పని మీద బయల్దేరి ఉంటారు. సైబర్ దాడిని చాలామంది నిప్పు అనుకుంటున్నారు. దాని నడక చూస్తే కరువు నడకలా ఉంది. 2024 జులై చివర్లో సి-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే ఒక్క సంస్థకు, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ దెబ్బ తగిలితే, దాని సేవల మీద ఆధారపడ్డ దాదాపు మూడు వందల చిన్న బ్యాంకులను ఎన్‌పీసీఐ చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీయాల్సి వచ్చింది. గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులే అవన్నీ. వాటిలో ఏదీ తనంతట తాను తప్పు చేయలేదు. అందరూ ఒకే చెరువు నీళ్లు తాగుతున్నారు, అంతే. 2022 నవంబరు 18న సీడీఎస్‌ఎల్ తన లోపలి కంప్యూటర్లలో వైరస్ లాంటిది కనిపించి కొన్నిటిని మిగతా వ్యవస్థ నుంచి విడదీసినప్పుడు, ఆ రోజు సెటిల్మెంట్లు ఆలస్యమైంది ఒక బ్రోకరుకు కాదు, బజారుకే.

అందుకే బీమా కంపెనీలకు కూడా ఇందులో భయం ఉంది. ఒకే రోజు వెయ్యి క్లెయిములు వస్తే ఏ ప్రీమియం చాలుతుంది? చక్రవర్తి పథకంలో వాన తన లెక్క తాను చూసుకొని కురిసేది కాదు. వాన కొలిచే గిన్నె ఎక్కడుందో వానకు తెలియదు. ఈ దొంగకు తెలుసు. 2022లో బయటపడిన హార్డ్‌బిట్ అనే రాన్సమ్‌వేర్ ముఠా బాధితులకు పంపిన నోటీసులో, మీ బీమా మొత్తం ఎంతో మాకు రహస్యంగా చెప్పండి, దానికి తగ్గట్టే అడుగుతాం అని రాసింది. బీమా పత్రమే దొంగకు ధరల పట్టికగా మారే ప్రమాదం కరువులో లేదు. మబ్బును చూసి కరువును పసిగట్టడం మా వాళ్లకు తెలుసు. ఈ కరువుకు మబ్బు లేదు.

అయితే బీమా వద్దా? అలా అనడం నా ఉద్దేశం కాదు. కరువు అందరికీ వస్తుందని తెలిసి కూడా వాన బీమా మంచి ఆలోచనే అయింది. అది నిలబడాలంటే దాని ముందున్న పనులు జరిగి ఉండాలి. ఆ పనులను గుర్తు చేసే శక్తి బీమాకు ఉంది. ఆ శక్తి దరఖాస్తు ఫారంలో ఉంటుంది. నేను అలాంటి ఫారం ఒకటి చివరి దాకా చదివాను. డబ్బుల సంగతి అందులో చాలా తక్కువ. లోపలికి రావడానికి పాస్‌వర్డు ఒక్కటే చాలా, రెండో గుర్తింపు కూడా అడుగుతారా? సమాచారానికి నకలు తీసి నెట్‌వర్కుకు దూరంగా ఉంచుతున్నారా? ఆ నకలు నుంచి పని మళ్లీ మొదలుపెట్టి చూశారా, ఎప్పుడు చూశారు? ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాలు ఏ రోజున మూసేస్తారు? ఖాతాదారు బ్యాంకు వివరాలు మార్చమని మెయిలు వస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకు కాక మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోను చేసి అడుగుతారా? పెద్ద మొత్తం పంపాలంటే ఇద్దరి అనుమతి కావాలా?

ఆ ఆఖరి రెండు ప్రశ్నలకు నిజంగా ‘అవును’ అని ఉంటే సిడ్నీ ఫండ్ దగ్గర దొంగ బిల్లులు అంత దూరం పోవడం కష్టమయ్యేది. ‘అవును’ అని రాసి చెయ్యకపోతే ఏమవుతుందో చెప్పడానికీ ఒక కేసు ఉంది. అమెరికాలో ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే కంపెనీ, రెండో గుర్తింపు వాడుతున్నామని సంతకం చేసి ట్రావెలర్స్ దగ్గర పాలసీ తీసుకుంది. 2022లో దాడి జరిగాక, ఆ మాట నిజం కాదంటూ ట్రావెలర్స్ కోర్టుకు వెళ్లింది. చివరికి రెండు పక్షాలూ ఒప్పుకొని పాలసీని మొదటి నుంచీ లేనట్టే రద్దు చేసుకున్నాయి. మన బీమా చట్టంలోనూ ఇదే నీతి ఉంది. దాచిన నిజం క్లెయిము రోజున ఎదురు తిరుగుతుంది. ఫారం నింపే పనిని ఏజెంటుకో గుమాస్తాకో వదిలేసే యజమాని తన కాళ్ల కింద నేలను తానే తవ్వుకుంటున్నాడు.

మన దేశంలో ఈ బాధ్యతను గట్టిగా అడిగే నిబంధనలు ఇప్పుడున్నాయి. కంప్యూటర్ దాడి తెలిసిన ఆరు గంటల్లోపు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 ఆగస్టు 20న బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు, పోర్ట్‌ఫోలియో మేనేజర్లు తదితరుల కోసం సైబర్ భద్రత చట్రం ఒకటి విడుదల చేసింది. అందులో లక్ష్యాలు అయిదు. ముందే పసిగట్టు, తట్టుకో, పాకకుండా ఆపు, కోలుకో, నేర్చుకొని మెరుగుపడు. బీమా సాయపడేది నాలుగో దాని దగ్గర. మిగతా నాలుగూ సంస్థ సొంత చెమటతో చెయ్యాల్సినవి. ఆ చట్రంలో నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. సొంతంగా పహరా పెట్టుకోలేని చిన్న సంస్థల కోసం ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ ఉమ్మడి భద్రతా కేంద్రాలు నడపాలన్నది. మా ఊళ్లలో చెరువు పూడిక ఒక్క రైతు తీయడు, ఆయకట్టు అంతా కదులుతుంది. ఉమ్మడిగా వచ్చే ఆపదకు కాపలా కూడా ఉమ్మడిగానే ఉండాలి. చింతామణిలో ఒక గదిలో ముగ్గురు ఉద్యోగులతో నడిచే పెట్టుబడి ఏజెన్సీకి ఇది చదువుకోవాల్సిన విషయం.

ఇంత చెప్పాక కూడా మా చిన్నాయన ప్రశ్న అలాగే ఉంటుంది. కావలెవరు? సంస్థ కావలి సంస్థ చేస్తుంది, బీమా కంపెనీ దాన్ని ప్రశ్నిస్తుంది, సెబీ ఆ సంస్థను పైనుంచి చూస్తుంది. సొమ్ము ఎవరిదో వాళ్లకు ఈ ముగ్గురిలో ఎవరు మాట్లాడతారు? ఏ భాషలో మాట్లాడతారు? కైవారం తాతయ్య తత్త్వాలను తెలుగులోనూ కన్నడంలోనూ పాడుకునే సీమ ఇది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకు మెసేజీ మాత్రం ఇంగ్లీషులో. మీ ఖాతా వివరాలు బయటపడి ఉండవచ్చు అనే కబురు బాగేపల్లి ఇల్లాలి ఫోనుకు నాలుగు వరుసల ఇంగ్లీషులో వస్తే, రోజూ వచ్చే లోన్ ప్రకటనల మధ్య అదీ ఒకటైపోతుంది.

ఇది చిన్న విషయం కాదు, డబ్బు విషయం. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా మూడో చోట జరిగి సొమ్ము పోయినప్పుడు, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో నిబంధన పెట్టింది. ఆలస్యమైన కొద్దీ నష్టం ఖాతాదారు మీద పడుతుంది. సైబర్ మోసాలు చెప్పుకోవడానికి ఉన్న 1930 నంబరుకు ఎంత తొందరగా ఫోను చేస్తే పోయిన డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అంటే గడియారం కబురుతో మొదలవుతుంది. అర్థం కాని కబురుతోనూ అదే గడియారం తిరుగుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఉండాలంటుంది. సమాచారం చోరీ అయితే బాధితులకు చెప్పి తీరాలని కూడా అంటుంది. సమ్మతి అడిగేటప్పుడు చూపిన భాషా మర్యాద ఆపద చెప్పేటప్పుడు ఇంకా ఎక్కువగా కావాలి.

కాబట్టి నేను పెట్టుబడి సంస్థలను అడిగేది ఒకటే. మీ సైబర్ పాలసీలో ఖాతాదారులకు కబురు పంపే ఖర్చుకు ఒక పద్దు ఉంది. ఆ ఖర్చుకు ప్రీమియం చివరికి మా సిప్పుల నుంచి, మా బ్రోకరేజీ నుంచే వస్తోంది. దాడి జరగకముందే ఆ కబురును తెలుగులో, కన్నడంలో రాసి పెట్టుకోండి. ఏం జరిగింది, ఏ వివరాలు పోయాయి, వెంటనే ఏం చేయాలి, ఏ నంబరుకు చెప్పాలి, సంస్థ ఏం భరిస్తుంది. అయిదు వాక్యాలు చాలు. మండీలో టమాటా బాక్సు దించుతున్న మనిషికి చదివి వినిపిస్తే ఆగకుండా అర్థం కావాలి. బీమా ఏజెంటు తెచ్చే ఫారంలో కూడా ఈ ప్రశ్న చేరాలి: మీ ఖాతాదారులకు వాళ్ల భాషలో చెప్పే ఏర్పాటు ఉందా? ఉన్న సంస్థకు ప్రీమియం తగ్గించడం న్యాయం, ఎందుకంటే తొందరగా తెలుసుకున్న ఖాతాదారు నష్టాన్ని తగ్గిస్తాడు. పరిహారం చెక్కు ఎప్పుడో వస్తుంది. ఆపద కబురు సకాలంలో, సొంత భాషలో అందుకున్న మనిషి ఆ సంస్థను మళ్లీ నమ్మగలడు. ఆ నమ్మకం నిలిచినప్పుడే బీమా సొమ్ముతో నిలబెట్టుకోవడానికి సంస్థ అంటూ ఒకటి మిగులుతుంది.